కొండ ఊరిలో సైకిలు

మన కోరాపుట్టులో సమతలమైన వీధిని వెదకి పట్టుట కష్టము. ఇల్లు వెడలి పది అడుగులు వేయునంతలో దారి మిట్టకైన ఎక్కును, పల్లమునకైన దిగును. తూర్పు కనుమల నడుమ, సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తున వెలసిన పట్టణమిది. శబర శ్రీక్షేత్రమని పేరుగన్న జగన్నాథస్వామి ఆలయము సైతము గుట్టమీదనే యున్నది. ఇట్టి ఊరిలో దినచర్య ఎట్లు సాగునో, అందు సైకిలు ఎంత ఉపకారియో, ఏ సంగతులు తెలియనిచో అది అపకారి యగునో విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఎత్తుపల్లముల దినచర్య

తెల్లవారుజామున మంచు ఇంకను విడువకముందే చుట్టుపట్ల పల్లెలనుండి పరజ, గదబ స్త్రీలు కూరగాయలను, అల్లమును, కట్టెలను మోసికొని సంతకు నడచివత్తురు. పాలవారు సైకిలుకు పాల క్యానులు తగిలించుకొని పల్లమున తొక్కకయే దొర్లివచ్చి, తిరుగు ప్రయాణమున దిగి త్రోసికొని పోదురు. మైదానపు ఊళ్లలో దారి అడిగినవాడు “ఎంత దూరము?” అని మాత్రమే అడుగును. ఇక్కడ “ఎక్కుడా, దిగుడా?” అనికూడ అడుగవలెను. బడికి వచ్చునప్పుడు పది నిమిషములు పట్టిన దారి, ఇంటికి పోవునప్పుడు అరగంట పట్టుట మన పిల్లలకు వింత కాదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు ఈ సీమ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్టణము జిల్లాలో భాగమై యుండెను. తెలుగు కుటుంబములు ఇచ్చట తరతరములుగా నివసించుచున్నవి. ఇంట తెలుగు, వీధిలో ఒడియా, సంతలో దేశియా, ఈ మూడు భాషలును మన పిల్లల నాలుకపై ఆడుచుండును. అయితే తెలుగున బోధించు ఉన్నత పాఠశాల వాడవాడకు ఉండదు. పొరుగింటి పిల్లవానికి బడి వీధి మలుపున నుండవచ్చును. మన పిల్లవానికి అది మూడు మిట్టల కావల నుండును. మాతృభాషలో చదువుకొనుటకు మన పిల్లలు చెల్లించు మూల్యము ఈ దూరమే. క్రింది తరగతులలో చక్కగా చదివి, ఉన్నత పాఠశాల దూరమను కారణమున చదువు మానినవారిని, దగ్గరి బడికి మారి తెలుగు విడిచినవారిని మేము చూచుచునే యున్నాము. వారిలో ఆడుపిల్లలే ఎక్కువ.

దూరమును తగ్గించుట ఎవరి తరము కాదు గాని, దానిని దాటు సాధనమును పిల్లలకు ఇయ్యవచ్చును. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి చేరిన బాలికలకు సైకిళ్లు కొనుటకై సొమ్మిచ్చు పథకమును ప్రారంభించెను. కార్తీక్ మురళీధరన్, నిషీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దాని ఫలితమును పరిశీలించి, ఉన్నత పాఠశాలలలో బాలికల చేరిక 32 శాతము పెరిగినదనియు, బాలబాలికల నడుమ నున్న అంతరము 40 శాతము తగ్గినదనియు 2017లో ప్రకటించిరి. బడికి మూడు కిలోమీటర్లకు మించిన దూరముననున్న పల్లెలలోనే ఈ మేలు మిక్కిలిగా కనబడెను. మరియు నేటి చట్టము ప్రకారము పదునారేండ్లు నిండని పిల్లలు రోడ్డుపై ఏ మోటారు బండిని నడుపరాదు. పదమూడేండ్ల బాలిక తనంత తాను నడుపదగిన వాహనము సైకిలొక్కటే.

ఈ మాటలు విని ఒక తండ్రిగారు మాతో ఇట్లనిరి: “చదువు మానిపించాలని నాకు మాత్రం ఉంటుందా మాస్టారూ? ఘాటీలో పిల్ల పడిపోతే ఏం చేసేదండీ?” ఆ భయము న్యాయమైనదే. మేమును పడినవారమే.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశములో, ఒక మైదానపు ఊరిలో. అచ్చట సైకిలు తొక్కుట వచ్చిన చాలును. తొక్కుట మానినచో కొంత దూరము పోయి అదియే నిలిచిపోవును. ఆ పాటి విద్యతోనే ఇచ్చటికి వచ్చితిమి. మొదటి వానకాలమున ఒకనాటి సాయంకాలము, చినుకులు పడుచుండగా పల్లమునకు దిగుచు, మలుపువద్ద ముందు బ్రేకును ఒక్కమారుగా నొక్కితిమి. చక్రము జారెను, రోడ్డుప్రక్క కంకరలో పడితిమి. అరచేతుల తోలు లేచిపోయెను. వెనుకనుండి బస్సు రాకుండుటయే మా అదృష్టము. మమ్ము లేవనెత్తినవాడు మా తరగతి పిల్లవాడే. అతడు సైకిలును అటునిటు చూచి, “బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయండి మాస్టారూ” అని మాత్రమే అనెను. కొండదారి విద్యలో అది మాకు తొలి పాఠము.

ఎక్కుట

ఎక్కుడు ఏల కష్టమో ముందుగా తెలిసికొందము. 45 కిలోల పిల్లవాడు, 20 కిలోల సైకిలు, 5 కిలోల పుస్తకములు, మొత్తము 70 కిలోల బరువు. సమతలముపై మెల్లగా పోవునప్పుడు, చక్రముల రాపిడిని జయించుటకు సుమారు అరకిలో బరువును ఎత్తునంత బలము చాలును. దారి ఇరువది మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తెక్కుచున్నచో, 70 కిలోలలో ఇరువదవ వంతు, అనగా మూడున్నర కిలోల బరువు అదనముగా వెనుకకు లాగును. కంటికి చిన్నదిగా కనబడు ఆ వాలు శ్రమను ఎనిమిది రెట్లు చేయుచున్నది.

ఘాటురోడ్డు పాము మెలికలు తిరిగి పోవుటకు కారణమిదే. యాబది మీటర్ల ఎత్తు ఎక్కుటకు అర కిలోమీటరు దారి వేసినచో వాలు పదింట ఒకటి యగును. ఒక కిలోమీటరు దారి వేసినచో ఇరువదింట ఒకటియే యగును. ఎక్కవలసిన ఎత్తు మారదు. కాని ఒక్కొక్క అడుగునకు కావలసిన బలము సగమగును. దారి పొడుగైనకొలది భారము తేలికయగును.

సైకిలు పళ్లచక్రములలోను ఈ సూత్రమే ఇమిడియున్నది. పెడలువద్ద 44 పళ్లు, వెనుక చక్రమువద్ద 22 పళ్లు ఉన్నచో, పెడలు ఒకమారు తిరుగునప్పటికి వెనుక చక్రము రెండు మారులు తిరిగి, పెద్ద సైకిలు సుమారు నాలుగున్నర మీటర్లు ముందుకు పోవును. వెనుక పళ్లచక్రము చిన్నదైనచో దూరము పెరుగును, బలమును ఎక్కువ కావలెను. పెద్దదైనచో దూరము తగ్గును, తొక్కుట తేలికయగును. కాన మన ఊరిలో సైకిలు కొనువారు రంగును చూచుటకు ముందు పళ్లను లెక్కపెట్టవలెను. విద్యార్థులారా, మీ సైకిలు పళ్లను లెక్కించి, ఒక్క తొక్కునకు ఎంత దూరము పోవునో మీరే కట్టి చూడుడు.

ఊపిరి చాలనప్పుడు దిగి నడిపించుకొని పోవుట సిగ్గు కాదు. సిగ్గుపడవలసిన పని ఒకటి కలదు: ఎక్కుడున మెల్లగా పోవు లారీ వెనుకనున్న గొలుసును, త్రాటిని పట్టుకొని వ్రేలాడుట. ఆ డ్రైవరుకు మీరు కనబడరు. అతడు బ్రేకు వేసినచో మీ తల లారీ ఇనుమునకు తగులును.

దిగుట

ఎక్కుడు అలసటను కలిగించును. ప్రమాదము దిగుడులో నున్నది. ఎక్కునప్పుడు మన కండలు చేసిన పని యంతయు దిగునప్పుడు వేగముగా తిరిగివచ్చును. కేవలము పది మీటర్ల ఎత్తునుండి దిగిన సైకిలు, గాలి అడ్డు, రాపిడి, బ్రేకు ఏవియు లేనిచో గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగమును పొందును. పది మీటర్లన మూడంతస్తుల మేడ ఎత్తే. కోరాపుట్టునుండి జయపురమునకు సుమారు 22 కిలోమీటర్ల ఘాటుదారిలో దిగుడు సుమారు 200 మీటర్లు! అంత శక్తిని అణచునవి నాలుగు చిన్న రబ్బరు ముక్కలు మాత్రమే.

వేగము రెట్టింపైనచో సైకిలు నిలుచుటకు పట్టు దూరము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. మూడు రెట్లైనచో తొమ్మిది రెట్లగును. కావున వేగము పెరిగిన తరువాత తగ్గింపజూచుట తెలివి కాదు. పెరుగక మునుపే పట్టి యుంచవలెను. మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను గాని, మలుపులో వంగియున్నప్పుడు బ్రేకు వేయరాదు. మేము పడినది అందుచేతనే.

రెండు బ్రేకులను కలిపి వాడవలెను. బ్రేకు పట్టినప్పుడు బరువు ముందు చక్రముపైకి ఒరుగును. కాన ముందు బ్రేకునకు బలమెక్కువ. దానినొక్కదానినే గట్టిగా నొక్కినచో పల్లమున మనిషి హ్యాండిలు మీదుగా ముందుకు పడును. వెనుక బ్రేకు ఒక్కటే వాడినచో చక్రము బిగిసి జారును. రెంటిని కొద్దికొద్దిగా నొక్కుచు, శరీరమును వెనుకకు జరిపి దిగవలెను. అరచేతులు రుద్దినచో వేడి పుట్టునట్లే రిమ్మును, రబ్బరును వేడెక్కును. పొడుగైన ఘాటులో నడుమ నడుమ ఆగి వానిని చల్లారనీయవలెను.

వానకాలమున రిమ్ముకును, రబ్బరుకును మధ్య నీటి పొర నిలిచి, బ్రేకు ఆలస్యముగా పట్టును. ఇనుప రిమ్ములలో ఈ దోషము మరింత ఎక్కువ. కావున బ్రేకు కావలసిన చోటుకు కొంచెము ముందుగానే మెల్లగా నొక్కి నీటిని తుడిచివేయవలెను. ఎండలో పోవు వేగమున సగమే పోవలెను. శీతకాలపు ఉదయములందు మంచు కమ్మియున్నప్పుడు తెల్లని దుస్తులు, ముందు దీపము, వెనుక ఎర్రని అద్దము ఉండవలెను. మలుపువద్ద గంట కొట్టి ఎడమవైపుననే పోవలెను.

ఆదివారపు ప్రయాణము

ఇట్లు నేర్చినవానికి సైకిలు బడిదారిని మాత్రమే కాక, తాను పుట్టిన సీమనంతను తెరచి చూపును. వానలు వెనుకబట్టిన పిమ్మట మేము పెద్ద తరగతుల పిల్లలతో ఆదివారము ఉదయమున బయలుదేరుచుందుము. ఒకమారు సునాబెడ దిక్కునకు పోదుము. అచ్చట హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ 1964లో మిగ్ విమానముల ఇంజనుల కర్మాగారమును నెలకొల్పెను. ఆ వైపుననే ఒడిశాలోకెల్ల ఎత్తైన దేవమాలి శిఖరము, 1672 మీటర్ల ఎత్తుది, కలదు. దారిప్రక్క వలిసె చేలు పసుపు పూలతో నిండియుండును. చోడి చేలు కోతకు వచ్చియుండును. ఈ కోరాపుట్టు సీమ సంప్రదాయ వ్యవసాయమును 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాముఖ్యము గల వారసత్వముగా గుర్తించినది. పాఠ్యపుస్తకమున ఒక పంక్తిగా చదివిన ఈ సంగతి, చేనిగట్టున సైకిలు నిలిపి రైతుతో దేశియాలో మాటాడినప్పుడు పిల్లలకు తమదియై తోచును.

మరియొకమారు కొలాబు జలాశయమునకు పోదుము. ఈ నీరు ఎచ్చటికి పోవునని పిల్లల నడుగుదుము. కొలాబు నది దిగువకు ప్రవహించి, శబరి యను పేర తెలుగు నేలపై గోదావరిలో కలియునని చెప్పినప్పుడు వారి ముఖములలో ఆశ్చర్యము కనబడును. తెలుగుదేశము ఎక్కడో దూరముననున్నదని తలచిన పిల్లలకు, తమ కొండపై కురిసిన వానయే అచ్చటి పొలములకు చేరుచున్నదని తెలియుట చిన్న విషయము కాదు.

తల్లిదండ్రులకు మనవి

అయ్యలారా, అమ్మలారా, సైకిలు ఇచ్చి ఊరకుండుట తగదు. భయపడి ఇయ్యకుండుటయు తగదు. మొదటి వారము బిడ్డతో మీరును బడిదారి నడచి, ఏ మలుపు ప్రమాదకరమో చూపుడు. అతివాలుగానున్న చోట దిగి నడువుమని నియమము పెట్టుడు. పల్లమున వెనుక మరియొకరిని ఎక్కించుకొననీయకుడు. వారమునకొకమారు బ్రేకు రబ్బర్లను, తీగలను, చక్రముల గాలిని, గొలుసును మీ చేతితో తాకి చూడుడు. రబ్బరుపై గాడులు మాసిపోయినచో ఆనాడే మార్పింపుడు. దాని వెల స్వల్పము.

పైన చెప్పిన తండ్రిగారు ఈ సంగతులన్నియు విని, మరుసటి ఆదివారము తమ కుమార్తె సైకిలును దుకాణమునకు తీసికొనిపోయి నాలుగు రబ్బర్లను మార్పించిరి. ఆ బాలిక ఇప్పుడు పదవ తరగతి చదువుచున్నది. వానకాలమున మా బడి మిట్ట దిగువన సైకిలు దిగి, నడిపించుకొని పైకి వచ్చుచుండును. కొన్ని దినములు ఆలస్యమగును. అట్టి ఆలస్యమునకు మేము హాజరుపట్టీలో గుర్తు పెట్టము.