సువర్ణరేణువులును రాచపుండును

బంగారమనగానే మన కన్నులకు పసుపుపచ్చని వన్నె కట్టినట్లు కనబడును. కాని సోదరీమణులారా, ఆ బంగారమునే మిక్కిలి సన్నని రేణువులుగా జేసి నీటిలో నిలిపినచో అది పచ్చగా నుండదు. దానిమ్మరసమువలె ఎఱ్ఱగా నుండును. ఆ రేణువులు ఒకదానితో నొకటి అంటుకొని గుంపులైనచో నీరు నీలివన్నెకు తిరుగును. ఈ ఎఱ్ఱనీరే నేడు వైద్యశాస్త్రజ్ఞులకు గొప్ప యాశను గల్పించుచున్నది. మన పెద్దలు రాచపుండనియు, పండితులు అర్బుదమనియు, నేటివారు క్యాన్సరనియు బిలుచు వ్యాధిని తొలినాళ్లలోనే పట్టుటకును, దేహమునందలి తక్కిన భాగమును నొప్పింపక దానినొక్కదానినే హతమార్చుటకును ఈ రేణువులు తోడ్పడునని వారి తలంపు. ఆ ప్రయత్నమెంతవఱకు వచ్చినదో తెలియకపోవుటచేత మోసపోవుచున్న స్త్రీలను మా ప్రాంతమున జూచితిని గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

రేణువనగా నెంత? ఒక మిల్లీమీటరును పదిలక్షల పాళ్లు చేయగా వచ్చిన పాలు ఒక నానోమీటరు. మన తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఇరువది నానోమీటర్ల బంగారు రేణువులను వరుసగా బేర్చినచో ఒక్క వెండ్రుక యడ్డమునకు నాలుగువేలు పట్టును. మా ప్రాంతమున ఔసలి యని పిలువబడు కంసాలి ఆకురాయితో రాచినపుడు రాలు పొడి దీనిముందు కొండలవంటిది. ఇంత సన్నని రేణువులు ఆకురాతితో రావు. బంగారమును నత్రికామ్లము, లవణామ్లము కలిపిన ద్రావకమున గరగించి, ఆ కరగిన దానినుండి మరల లోహమును మెల్లగా వెలికి దేవలయును. 1951లో టర్కెవిచ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును నిమ్మపులుసునకు సంబంధించిన ఉప్పు నొకదానిని వేసి కాచి దీనిని సాధించిరి. నేటికిని ప్రయోగశాలలయందు ఎక్కువగా వాడునది ఆ పద్ధతియే. వంట తెలిసినవారికి ఇది యంత దురూహ్యమైన పనిగా దోపదు.

ఈ ఎఱ్ఱదనమునకు గారణము బంగారపు సన్నదనమే యని మొదట శాస్త్రీయముగా బరిశీలించి చెప్పినవాడు మైకేల్ ఫారడే. 1857లో లండనునందు ఆయన దీనినిగూర్చి ఉపన్యసించెను. ఆయన తయారుచేసిన ఎఱ్ఱనీటి సీసాలు కొన్ని నేటికిని అచటి రాయల్ ఇన్స్టిట్యూషనులో భద్రముగా నున్నవి. ఆయన కమ్మరి కుమారుడు. పుస్తకములకు అట్టలు గట్టు దుకాణమున పనిచేయుచు, తాను గట్టు పుస్తకములనే చదివి శాస్త్రవేత్త యైనవాడు. బడిమెట్టెక్కక యింటనే చదువుకొన్న నావంటివారికి ఆయన పేరు విన్నపుడెల్ల నుత్సాహము గలుగును. ఎఱ్ఱదనము ఎట్లు వచ్చుననగా, బంగారమున స్వేచ్ఛగా దిరుగు ఎలక్ట్రానులనెడి కణములు గలవు. వెలుతురు సోకగానే అవి యన్నియు నొక్కటిగా నుయ్యెలవలె నూగును. రేణువు చిన్నదైనపుడు ఆ యూపు ఆకుపచ్చని వెలుగుతో సరిపడి, దానిని మ్రింగివేయును. మిగిలిన యెఱ్ఱవెలుగు మన కంటికి జేరును.

ఈ రేణువులను మనలో ననేకులు ఇదివఱకే చూచియున్నారనిన నమ్ముదురా? గర్భము నిలిచినదో లేదో ఇంటనే చూచుకొనుటకు మందులదుకాణములో నమ్ము పట్టీలయందు కనబడు ఎఱ్ఱగీత చాలవఱకు బంగారు రేణువులదే. గర్భవతి మూత్రములో నుండు నొకానొక పదార్థమును గుర్తించి పట్టుకొను ప్రతిరక్షకములను ఆ రేణువులకు ముందుగనే అంటించి యుంచెదరు. ఆ పదార్థమున్నచో రేణువులు పట్టీమీద గీతయొద్ద చిక్కుకొని కూడును. కూడగా ఎఱ్ఱగీత తేలును. లేనిచో అవి అచట నిలువక సాగిపోవును. ఒక యింటి గుట్టును బయటపెట్టుటకు ఇంతకంటె సులభమైన సాక్షి గలదా?

రాచపుండును కనుగొనుటకు శాస్త్రజ్ఞులు పన్నినది ఇదే యుపాయము. చెడిన కణములు కొన్ని తమ పైపొరయందు ఒకానొక మాంసకృత్తును మితిమీఱి మొలిపించుకొనును. దానిని పట్టుకొను ప్రతిరక్షకమును రేణువునకు దగిలించినచో, రేణువులు మంచి కణములపై గొద్దిగాను, చెడ్డ కణములపై దట్టముగాను అంటును. అమెరికాలోని అట్లాంటా నగరమున ముస్తఫా ఎల్-సయ్యద్ అను శాస్త్రజ్ఞుడును, వైద్యుడైన ఆయన కుమారుడును 2005లో నోటి క్యాన్సరు కణములయందు దీనిని జూపిరి. సామాన్యమైన సూక్ష్మదర్శినిలోనే చెడ్డ కణములు బంగారు కాంతితో వెలిగినవి. పొగాకు, గుట్కాలచే నోటి రోగములు పెరుగుచున్న మన దేశమునకు ఇది మిక్కిలి పనికివచ్చు జ్ఞానము. అయినను అది ప్రయోగశాలలోని కణములపై జూపిన విద్య. మన ఊరి దవాఖానలో నింకను దొరకునది గాదు.

ఇక చికిత్స. క్యాన్సరునకు నరములలోని కెక్కించు మందుల బాధ యెఱిగిన కుటుంబములు నేడు ప్రతి గ్రామమునను గలవు. ఆ మందు త్వరత్వరగా బెరుగు కణములనెల్ల జంపును. రోగపుకణము త్వరగా బెరుగును. వెండ్రుక మొదలును, నోటి పొరయు, పేగుల పొరయు నట్లే పెరుగును. అందుచే జుట్టు రాలును, నోరు పూయును, అన్నము సయింపదు. మా ధర్మపురి నరసింహస్వామి కథలో హిరణ్యకశిపుని జీల్చిన గోళ్లు ప్రక్కనే నిలిచిన పసివానికి గీటైన తగుల నీయలేదు. వైద్యులు కోరుచున్నది అట్టి యౌషధమును. రాక్షసుని పేరులోనే హిరణ్యమున్నది. ఇచట హిరణ్యమే యాయుధము కావలసివచ్చుట వింత.

హైదరాబాదులోని తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ గలదు. నిజాము ప్రభుత్వకాలమున 1944లో పుట్టిన ప్రయోగశాల యది. 1989లో నేటి పేరు వహించినది. అచట చిత్త రంజన్ పాత్ర గారును వారి సహచరులును 2012లో ఒక పరిశోధనను బ్రకటించిరి. వారు బంగారపు లవణమునుండి రేణువులను వెలికిదెచ్చుటకు ఘాటైన రసాయనములను వాడలేదు. గుంటగలగర యాకు రసమును వాడిరి! వరిమళ్ల గట్లమీదను, కాలువల యొడ్డునను, మా గోదావరి తడినేలలయందును తెల్లని చిన్నపూవులతో బెరుగు ఆ మొక్కను ఎఱుగని తెలుగు స్త్రీ యుండదు. తలనూనెలో దానిని గాచుకొందుము. దాని రసమున వత్తిని దడిపి కాటుక బట్టుదుము. భృంగరాజమను పేర వైద్యులు దానిని గ్రహించిరి. ఆ యాకురసములోని పదార్థములే లవణమును బంగారముగా మార్చి, పుట్టిన రేణువులకు పైపూతయై, అవి యొకదానికొకటి అంటుకొనకుండ గాపాడినవి. ఆ రేణువులకు డాక్సోరుబిసిన్ అను మందును దగిలించిరి. రొమ్ము క్యాన్సరునకు చిరకాలముగా నిచ్చుచున్న ఎఱ్ఱని మందది. మోతాదు మించిన గుండెకు జెఱుపు చేయును. ప్రయోగశాలలోని పళ్లెములలో బెంచిన రెండు తెగల రొమ్ము క్యాన్సరు కణములపై బరీక్షింపగా, ఒంటరి మందుకంటె బంగారముతో గూడిన మందు వాని పెరుగుదలను ఎక్కువగా నరికట్టినది.

ఇచట ఒక్క మాట గట్టిగా జెప్పవలసి యున్నది. ఆ పరిశోధనలో రోగమునణచినది గుంటగలగర కాదు. బంగారము బండి, మందు ఆ బండిలోని సరకు, ఆకురసము బండిని గట్టిన వడ్రంగి. మఱియు పళ్లెములోని కణము వేఱు, రక్తమాంసములు గల మనుష్యుడు వేఱు. గుంటగలగర రసము త్రాగినచో రొమ్ములోని గడ్డ కరగునని ఎవరైన జెప్పినచో అది ఆ శాస్త్రజ్ఞులు అననిమాట.

బండి గమ్యము తప్పక చేరుటకు మఱియొక యుపాయమునందు మన తెలుగువాని పేరు తగులుచున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నుండగా, ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. గర్భవతులకు ఇనుముతో గలిపి నేడు ప్రభుత్వ దవాఖానలలో నిచ్చు మాత్రలో నుండునది ఈ ఫోలిక్ ఆమ్లమే. కణములు పెరుగుటకు అది యావశ్యకము. దానిని బోలియుండి దాని పనిని చెఱుచు పదార్థములను ఆయన బృందమే తయారుచేయగా, 1948లో బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ వైద్యుడు వానిలో నొకదానితో రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు కొంతకాలమైన నుపశమనము గలిగించెను. సుబ్బారావు గారు ఆ సంవత్సరముననే కీర్తిశేషులైరి. అండాశయములో బుట్టునవి మొదలుగా కొన్ని క్యాన్సరు కణములు ఫోలిక్ ఆమ్లమును ఆకలిగొన్నట్లు పట్టి లోనికి లాగుకొనును. కావున బంగారు రేణువునకు ఆ యామ్లమును దగిలించినచో కణము తానే తలుపు దెఱచి మందును లోనికి దీసికొనునని పరిశోధకులు యత్నించుచున్నారు. తల్లి మాత్రగా దినునదే రోగమునకు ఎఱ యగుచున్నది.

మందే లేకుండ బంగారముతోనే రోగమును కాల్చు మార్గము మఱొకటి. ఇసుకజాతి పదార్థపు గుండ్రని గింజమీద పలుచని బంగారపు తొడుగు వేసినచో, అది కంటికి గానరాని పరారుణ కాంతిని మ్రింగి వేడెక్కును. ఆ కాంతి మాంసములో కొంతదూరము చొచ్చుకొనిపోగలదు. అమెరికాలో నవోమీ హాలస్, జెన్నిఫర్ వెస్ట్ అను నిరువురు విదుషీమణులు తమ సహచరులతో గూడి దీని నారంభించిరనుట మనకు గర్వకారణము. 2003లో వారి ప్రకటన వెలువడెను. 2019లో ప్రకటింపబడిన పరీక్షలో ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరు గల 16 మంది పురుషులను దీనికై ఎన్నుకొనగా 15 మందికి ఈ చికిత్స నెఱవేఱెను. మనుష్యులవఱకు వచ్చిన ప్రయత్నములలో ఇది ముఖ్యమైనది. కాని పదునార్గురితో సిద్ధాంతము స్థిరపడదు.

అడ్డంకి యేమనిన, రేణువులు చాలవఱకు గమ్యము చేరకయే దారి తప్పుచున్నవి. రక్తములోని కెక్కించిన వానిలో నధికభాగమును కాలేయమును, ప్లీహమును వడగట్టి పట్టుకొనును. కెనడాలోని పరిశోధకులు పదేండ్లలో వెలువడిన ప్రయోగములను గూర్చి 2016లో లెక్క గట్టగా, జంతువులయందు నానోరేణువులలో గడ్డను జేరినది సగటున నూటికి 0.7 పాలు మాత్రమే! బంగారముతో జేసినవి మాత్రమే గాక పెక్కు విధములైన రేణువులు ఆ లెక్కలో నున్నవి. కాలేయమున జిక్కిన బంగారము త్వరగా వెడలిపోదు. ఏండ్లతరబడి నిలిచిన నేమగునో యనునది శాస్త్రజ్ఞుల విచారము.

ఈ సంగతి తెలిసినచో మా పెద్దమ్మ వరుసగు నొకామెకు ఆ నష్టము కలుగకపోవును. ఆమెకు రొమ్ములో రేగుపండంత గడ్డ తగిలినది. నొప్పి లేదు గనుక ఎవ్వరికిని చెప్పలేదు. కోడలికి చెప్ప సిగ్గు, కొడుకునకు చెప్ప మఱింత సిగ్గు. ఊరికి వచ్చిన యొకడు స్వర్ణభస్మమని పొట్లములు ఇచ్చి, "పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు గూడ ఇప్పుడు బంగారముతోనే క్యాన్సరు మాన్పుచున్నారమ్మా" యని నమ్మబలికెను. ఆమె కమ్మలమ్మి యెనిమిది నెలలు ఆ పొట్లములు మ్రింగెను. హైదరాబాదునకు దీసికొనిపోవునప్పటికి చంకలోనికి గడ్డలు ప్రాకినవి. కోత, మందులు, కాంతి చికిత్స అన్నియు బడవలసి వచ్చెను; ఇంకను దిరుగుచున్నది.

వైద్యగ్రంథములయందు నాకు గౌరవము గలదు. బాల్యమున మా తండ్రిగారియొద్ద వానిలో గొంత చదివితిని. స్వర్ణభస్మములో కొన్ని పదుల నానోమీటర్ల బంగారపు స్ఫటికములున్నట్లు 2007లో నొక పరిశీలన తెలిపినమాట నిజమే. కాని కొలత యొకటైనంత మాత్రమున పని యొకటి కాదు. నోటితో మ్రింగిన పొడికి రోగపుకణమును గుర్తుపట్టు ప్రతిరక్షకమును లేదు, ఫోలిక్ ఆమ్లమును లేదు, మోసికొనిపోవు మందును లేదు. అది రాచపుండును మాన్పునని రోగులపై జరిగిన యే పరీక్షయు నిరూపింపలేదు. పైగా సంతలో నమ్ము పొట్లములో నున్నది బంగారమే యని గీటురాయి మీద గీచి చూపువారెవరు?

బంగారు రేణువులు మన దవాఖానలకు వచ్చునప్పటికి ఎన్నేండ్లు పట్టునో! ఇప్పుడున్న యుపాయములు వేఱు. రొమ్ములో గడ్డ, చనుమొన లోనికి లాగుకొనుట, దానినుండి నెత్తురు; ముట్లుడిగిన తరువాత మరల రక్తస్రావము; నోటిలో మూడు వారములైనను మానని పుండు: వీనిలో నేది కనబడినను వైద్యురాలికి చూపవలయును. ముప్పది యేండ్లు దాటిన స్త్రీలకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షించుటకు దేశమంతట ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఏర్పాటు చేయవలెనని 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగినచో ఆ పరీక్ష యెన్నడో, ఎచటనో చెప్పును. రోగమున్నట్లు తేలినచో హైదరాబాదులో ఎం.ఎన్.జె. అని పిలువబడు ప్రభుత్వ క్యాన్సరు దవాఖాన గలదు. ఆరోగ్యశ్రీ పథకమున క్యాన్సరు చికిత్సలును జేరియున్నవి.

గర్భాశయ ముఖద్వారపు పరీక్షనుగూర్చి మన స్త్రీలకు భయమెక్కువ గనుక అది యెట్లుండునో చెప్పెదను. మత్తు లేదు, కోత లేదు. శిక్షణ పొందిన నర్సు పలుచని వెనిగరువంటి ద్రావకమును దూదితో అద్ది, ఒక నిమిషమాగి చూచును. చెడుటకు మొదలిడిన భాగమున్నచో అది తెల్లబారి కనబడును. అయిదు నిమిషములలో ఇంటికి మరలి రావచ్చును.