ముక్కుకొన తెలుపు సంగతి

కీడువార్త విన్నప్పుడు “కాళ్లుచేతులు చల్లబడినవి” అనుట మన యిండ్లలో వాడుక. ఇది వట్టి మాటతీరు కాదు. భయాందోళనములు కలిగినపుడు చర్మముయొక్క వేడిమి నిజముగనే మాఱును. ఆ మార్పును కంటికి గనబఱచు యంత్రమును గూర్చి మా సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

వెచ్చని వస్తువులనుండి కంటికి గానరాని కిరణములు వెలువడుచుండును. వీనికి పరారుణ కిరణములని పేరు. సూర్యకాంతిలో నిట్టివి గలవని 1800వ సంవత్సరమున విలియం హెర్షెల్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులో ఉష్ణమాపకముల సాయమున కనుగొనెను. మన చర్మమునుండి వచ్చు నీ కిరణములను గ్రహించి, థర్మల్ కెమేరా యను యంత్రము ముఖముమీది వేడిమిని రంగుల పటముగా జూపును. దేహమును తాకనక్కఱలేదు; సూది లేదు, తీగ లేదు. కావున పసిబిడ్డలను సైతము బెదరింపక పరీక్షింపవచ్చును.

మనస్సు కలతచెందినపుడు నాడీమండలము చర్మములోని సన్నని రక్తనాళములను ముడుచుకొనజేయును. అచటికి నెత్తురు తగ్గుటచే ముక్కుకొనయు, వ్రేళ్లకొనలును చల్లబడును. దేహములోపలి వేడిమి మాత్రము రమారమి 37 సెంటీగ్రేడు డిగ్రీలుగనే నిలుచును. కలత తీరగనే నాళములు విచ్చుకొని ముక్కు మరల వెచ్చబడును.

2013లో ప్రకటింపబడిన యొక పరిశోధన తల్లులకు మిక్కిలి యుపయుక్తము. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులు మూడేండ్లు దాటిన 15 మంది బిడ్డలకు, ఒక్కొక్కరికిగా, ఒక బొమ్మ నిచ్చిరి. అది తమకు ప్రియమైన బొమ్మ యని చెప్పిరి. ఆడుకొనుచుండగా విఱిగిపోవునట్లు దానిని ముందే యమర్చి యుంచిరి. ఆ సంగతి బిడ్డ యెఱుగదు. బొమ్మ విఱిగినంతనే బిడ్డ ముక్కుకొన చల్లబడెను. పిమ్మట బుజ్జగింపగా మరల వెచ్చబడెను.

అంతకు ముందటి యేడు, 2012లో, ఆ దేశమందే మఱియొక పరిశోధన వెలువడెను. కలతపడు బిడ్డను చూచుచున్న తల్లి ముఖమును గూడ నందు చిత్రించిరి. బిడ్డ ముఖమున వేడిమి మాఱినట్లే తల్లి ముఖమునను మాఱెను. కడుపుతీపి యని మనమనునది నెత్తురు నడకలో సైతము కలదన్నమాట.

అయినను ఈ యంత్రము మనస్సును చదువజాలదు. ముక్కు చల్లబడినదని తెలుపునే గాని, అది భయమో, సిగ్గో, దుఃఖమో చెప్పజాలదు. గదిలోని చలిగాలియు, పరుగులాటల శ్రమయు లెక్కను తాఱుమాఱు చేయును. కావుననే పరిశోధకులు మనిషిని కొంతసేపు గదిలో నెమ్మదిగా కూర్చుండబెట్టి పిదప చిత్రింతురు.

మన యింట గాజుగిన్నె పగిలినపుడు బిడ్డ పలుకక బిగుసుకొని నిలుచును. “ఎంత మొండితనము!” అని మనము కోపింతుము. కాని యా నిమిషమున బిడ్డ కలత యెంతటిదో పైకి కానరాకపోవచ్చును. తప్పు తెలియజెప్పవలదని మేమనము. ముందు దగ్గఱకు తీసికొని, బెదురు తీరినపిదప చెప్పుడని మాత్రమే మా మనవి.