దంతములపై పింగాణి రేకులు: వేయించుకొనుటకు ముందును, తరువాతను

2011 జనాభా లెక్కల ప్రకారము అండమాన్ నికోబార్ ద్వీపములలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 50 వేలమంది. అనగా ఎనిమిదిమందిలో ఒకరు. వీరిలో పెక్కుమంది పూర్వులు శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరమునుండి చేపలవేటకును, కూలిపనులకును వచ్చినవారు. వారితోపాటు చుట్టయు, తాంబూలమును సముద్రము దాటినవి. నికోబారు జనులలోను తాంబూలపు అలవాటు చిరకాలముగా కలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ద్వీపములలోని పురుషులలో సగమునకు మించి ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలినది. గావున ఇచ్చట గారపట్టిన దంతములు, ఎర్రబారిన దంతములు సర్వసాధారణము. వివాహము నిశ్చయమైన యువకుడు గాని, అంగడిలోనో హోటలులోనో పదిమందితో మాటలాడవలసిన యువతి గాని నవ్వుటకు సంకోచించి, వెనీర్లు వేయించుకొనవలెనని తలచుట ఇటీవల ఎక్కువైనది. అట్టివారు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

వెనీరు అనునది దంతము ముందువైపున అతికించు పలుచని రేకు. దాని మందము సుమారు అర మిల్లీమీటరు, చేతిగోరు మందమనవచ్చును. పింగాణితో చేయబడునది యొకటి, కాంపొజిట్ అను దంతవర్ణపు రెజిన్ పదార్థముతో చేయబడునది మరియొకటి. దంతము పైపొరయగు ఎనామెల్‌ను కూడ మన పాఠ్యపుస్తకములు పింగాణి యనియే చెప్పుచుండును. పేరు ఒకటే యైనను వస్తువులు వేరు. ఎనామెల్ శరీరము తయారుచేసినది. ఒకసారి అరిగినచో, లేక వైద్యుడు అరగదీసినచో, అది మరల పెరుగదు. ఈ విషయములోని ముఖ్యాంశ మంతయు ఇందే కలదు. వెనీరు కొరకు ఎనామెల్‌ను కొంత తీసివేసిన పిదప ఆ దంతము జీవితాంతము ఏదో యొక కప్పుతోనే ఉండవలెను.

ఈ పద్ధతి మొదట చలనచిత్రముల కొరకు పుట్టినది. 1930 ప్రాంతమున హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అను దంతవైద్యుడు నటుల దంతములపై రేకులను తాత్కాలికముగా అంటించుచుండెను. చిత్రీకరణ ముగిసినంతనే వాటిని తీసివేయవలసి వచ్చెడిది. వాటితో భోజనము చేయుట సాధ్యము కాదు. 1955లో మైకేల్ బ్యూనోకోర్ ఎనామెల్‌కు ఫాస్ఫారికామ్లము పూసినచో దానిపై సూక్ష్మమైన గరుకుదనము ఏర్పడి రెజిన్ గట్టిగా పట్టుకొనునని చూపెను. 1980ల ఆరంభమున పింగాణి లోపలి ముఖమును కూడ ఆమ్లముతో గరుకుచేయు పద్ధతి వచ్చినది. నాటినుండి వెనీరు నిలుకడగల చికిత్స యైనది. అయితే ఆ పట్టు ఎనామెల్‌పై నున్నంత బలముగా, దాని క్రిందనుండు డెంటిన్‌పై నుండదు. ఎక్కువగా అరగదీసినకొలది రేకు త్వరగా ఊడును, దంతము జివ్వుమని లాగును.

చికిత్సకు ముందు, రంగు ఎందువలన చెడినదో నిర్ణయింపవలెను. నల్లగొండ, ప్రకాశము జిల్లాలలోవలె ఫ్లోరైడు అధికముగా గల నీటిని బాల్యమున త్రాగినవారికి గోధుమవన్నె మచ్చలు ఎనామెల్ లోపలనే ఏర్పడును. ఈ వ్యాధిని మన దేశమున 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు వర్ణించిరి. ఇట్టి మచ్చలు తోముటచే పోవు. తీవ్రమైనవానికి వెనీరు తగిన చికిత్సయే. దెబ్బతగిలి నల్లబడిన దంతము, అంచు విరిగిన దంతము కూడ ఇట్టివే. కాని తాంబూలము, పొగాకు, తేనీరు వలన పట్టిన రంగు పైపూత మాత్రమే. దంతవైద్యుడు ఒకటి రెండు సారులు గార తీసి మెరుగుపెట్టినచో అందు చాల భాగము పోవును. ఈ చిన్న పనితో తీరు దానికి దంతమును అరగదీయించుకొనుట తెలివితక్కువ. గార తీసిన పిదప అద్దములో చూచుకొని, వెనీర్ల ఊసే మరచినవారు లేకపోలేదు.

అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. తాంబూలపు రంగు ఉన్న నోటిలో దంతములను మాత్రమే చూచుట ప్రమాదకరము. పోకచెక్కతో కూడిన తాంబూలము, పొగాకు లేకపోయినను, క్యాన్సరు కలిగించునదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించెను. కారము తగిలిన మంటపుట్టుట, నోరు క్రమముగా తక్కువగా తెరచుకొనుట, మూడు వ్రేళ్ళు నిలువుగా పట్టకపోవుట పోకచెక్క వలన బుగ్గలలోపలి పొర గట్టిపడుచున్నదనుటకు గుర్తులు. తెల్లని లేక ఎర్రని మచ్చ గాని, రెండు మూడు వారములలో మానని పుండు గాని ఉన్నచో ఆలస్యము చేయరాదు. చుట్ట నిప్పును నోటిలోపల నుంచి కాల్చు అడ్డపొగ అలవాటు శ్రీకాకుళము ప్రాంతపు స్త్రీలలో విశేషముగా నుండెను. 1960లలో అచ్చట జరిగిన పరిశోధనలు దానివలన అంగిటికి కలుగు హానిని వివరించినవి. ఆ అలవాటుగల పెద్దలు ఇంట నున్నచో, యువతీయువకులు తమ దంతములను చూపించుకొనుటకు వెళ్ళునాడు వారిని కూడ వెంట తీసికొనిపోవుట మంచిది. పొగాకు మానదలచినవారికి 1800-11-2356 అను ఉచిత టెలిఫోను సహాయము కలదు.

చిగుళ్ళవాపు, పుచ్చు మున్ముందు నయము కావలెను. నెత్తురు కారు చిగుళ్ళప్రక్క అతికించిన రేకు నిలువదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి సాధారణముగా దీనిని చేయరు. లేతదంతములో నరము పైకి దగ్గరగా నుండును.

పింగాణి వెనీరునకు కనీసము రెండు మూడు సారులు వెళ్ళవలెను. మొదట ఛాయ నిర్ణయించి, దంతమును స్వల్పముగా సవరించి, అచ్చు తీసి, తాత్కాలికపు కప్పు వేయుదురు. ప్రయోగశాలనుండి రేకు వచ్చిన పిదప దానిని అతికించి ప్రత్యేకమైన వెలుగుతో గట్టిపరతురు. ద్వీపవాసులు ఇచ్చట దూరమును లెక్కవేయవలెను. విశాఖపట్టణమునుండి ఓడప్రయాణము రెండు మూడు దినములు; ఓడలు ప్రతిదినము ఉండవు. పండుగకు స్వస్థలమునకు వెళ్ళినపుడు తొందరగా వేయించుకొని మరుసటి ఓడలో తిరిగివచ్చినవారికి, రేకు అంచు చిగురునకు గ్రుచ్చుకొన్నచో సరిచేయువారు దగ్గర నుండరు. మున్ముందుగా శ్రీ విజయపురములో (2024 వరకు దీని పేరు పోర్టు బ్లెయిర్) గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి దంతవైద్య విభాగమున నోరు పరీక్ష చేయించుకొనుట మేలు. ఒకటి రెండు దంతములకే అవసరమైనచో కాంపొజిట్ చాలును. అది తరచు ఒక్క పూటలో పూర్తియగును, దంతమును తక్కువగా అరగదీయును, విరిగినను అక్కడికక్కడే సరిచేయవచ్చును. పింగాణి సాధారణముగా పది పదిహేనేండ్లు నిలుచును, రంగు పట్టదు. కాంపొజిట్ అంతకంటె తక్కువ కాలము నిలుచును, తేనీటికి రంగుమారును. దూరపు ద్వీపములలో నివసించువారికి తేలికగా బాగుచేయగలదే మంచిది.

చట్టప్రకారము నమోదైన దంతవైద్యులే ఈ పని చేయవలెను. అలంకరణశాలలలో తక్కువ వెలకు అతికింతుమను వారియొద్దకు పోరాదు. నమోదు పత్రము చూపుమని అడుగుట అమర్యాద కాదు.

వెనీరు వేసిన పిదప దంతము తోమనక్కరలేదనుట పొరపాటు. రేకు పుచ్చదు గాని దాని అంచున దంతము పుచ్చును. ఉదయము, రాత్రి మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు గల పేస్టుతో తోమి, దంతముల నడుమ దారముతో శుభ్రపరచవలెను. బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు తగులరాదు. మెరుగు గీతలుపడి పోవును. గాలపు దారమును కొరికి తెంపుట, పీతడెక్కలను పగులగొట్టుట, కొబ్బరిపీచును దంతములతో లాగుట, పోకచెక్క కొరుకుట విడువవలెను. నిద్రలో దంతములు కొరుకువారు వైద్యునితో ముందుగనే చెప్పినచో రాత్రివేళ ధరించు తొడుగు చేసియిచ్చును. దంతములను తెలుపుచేయు మందులు వెనీరు రంగును మార్చలేవు. గావున ఇతర దంతములను తెలుపు చేయించుకొనవలెనన్న కోరికను ముందే తీర్చుకొనవలెను.

రేకు ఊడిపోయినచో అంగడిలో దొరకు జిగురుతో అతికింపరాదు. దానిని కడిగి, చిన్న డబ్బాలో దూదిపై నుంచి, వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. విరుగకుండ నున్నచో అదే రేకును మరల అతికించుట తరచు సాధ్యమే. వైద్యుని చూచువరకు ఆ వైపున నమలక, మిక్కిలి చల్లని, మిక్కిలి వేడి పదార్థములను మానవలెను.