డ్యాష్‌క్యామ్ కొంటున్నారా? ఆపదవేళ సాక్ష్యం చెప్పగలదో లేదో ముందు చూసుకోండి

రాత్రివేళ జాతీయ రహదారిపై ఒక వాహనం ద్విచక్ర వాహనాన్ని ఢీకొని, ఆగకుండా వెళ్లిపోతుంది. వెనుక వస్తున్న కారులోనివారు బండి ఆపి, గాయపడినవారిని ఆసుపత్రికి తరలిస్తారు. ‘నంబరు చూశారా?’ అన్న పోలీసుల ప్రశ్నకు మాత్రం ఎవరి దగ్గరా సమాధానం ఉండదు. కారు అద్దానికి కెమెరా ఉంది కదా అని మెమరీ కార్డు తీసి చూస్తే, వాహనం కనిపిస్తుంది, నంబరు కనిపించదు. ఒక్కోసారి ఆ రోజు దృశ్యమే నమోదై ఉండదు.

కారు ముందు అద్దానికి బిగించి, ప్రయాణమంతా రోడ్డును చిత్రీకరించే చిన్న కెమెరానే డ్యాష్‌క్యామ్. మన దేశంలో కొన్ని కార్లకు ఇప్పుడు తయారీ సంస్థలే దీనిని అమర్చి ఇస్తున్నాయి. విడిగా కొనేవారికి కొన్ని వేల రూపాయలలో పదుల కొద్దీ రకాలు కనిపిస్తాయి. కొనుగోలుదారులు సాధారణంగా అడిగే ప్రశ్న ‘ఎన్ని పిక్సెళ్లు?’ అని. అడగవలసిన ప్రశ్న వేరు: అవసరమైన ఆ ఒక్క రోజున ఇది సాక్ష్యం చెప్పగలదా?

ఒక నంబరు విలువ ఎంత?

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. ఢీకొట్టి పారిపోయిన వాహనం ఏదో తెలియని కేసుల కోసం కేంద్రం ఒక పరిహార పథకాన్ని 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తోంది. దాని ప్రకారం మరణిస్తే 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడితే 50 వేల రూపాయలు చెల్లిస్తారు.

అదే వాహనం ఏదో తెలిస్తే బాధిత కుటుంబం మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. మృతుని వయసు, ఆదాయం, ఆధారపడినవారి సంఖ్యను బట్టి ట్రిబ్యునల్ పరిహారాన్ని నిర్ణయిస్తుంది. సంపాదించే మనిషిని కోల్పోయిన కుటుంబానికి ఆ మొత్తం 2 లక్షలకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. ఈ రెండింటి మధ్య తేడా నంబరు ప్లేటు మీది పది అక్షరాలు, అంకెలే. అందుకే డ్యాష్‌క్యామ్‌ను అంచనా వేయడానికి మొదటి కొలమానం నంబరు ప్లేటు.

పిక్సెళ్ల లెక్క

‘1080పి’ అంటే అడ్డంగా 1,920, నిలువుగా 1,080 బిందువులతో ఏర్పడే చిత్రం. ‘4కె’ అంటే 3,840, 2,160 బిందువులు. కెమెరా ఎంత వెడల్పు దృశ్యాన్ని చూస్తుందన్నది కూడా వీటితో కలిపి లెక్కించాలి.

ఒక 1080పి కెమెరా అడ్డంగా 140 డిగ్రీల దృశ్యాన్ని చూస్తోందనుకుందాం. ఒక్కో డిగ్రీకి దాదాపు 14 బిందువులు వస్తాయి. 50 సెంటీమీటర్ల వెడల్పున్న కారు నంబరు ప్లేటు పది మీటర్ల దూరంలో మూడు డిగ్రీలకు కొంచెం తక్కువ స్థలాన్ని ఆక్రమిస్తుంది. అంటే మొత్తం ప్లేటుకు దక్కేది సుమారు 40 బిందువులు, ఒక్కో అక్షరానికి నాలుగు. నాలుగు బిందువులలో 8కి, 3కి తేడా తెలియదు. 4కె కెమెరాలో ఇవి రెట్టింపు అవుతాయి. అప్పుడు కూడా పది మీటర్ల దగ్గర నంబరు చదవడం కష్టమే గాని, అసాధ్యం కాదు. అయిదు మీటర్లకు దగ్గరైతే స్పష్టత వస్తుంది.

దీని నుంచి రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, 170 డిగ్రీల వెడల్పు అన్న ప్రకటన ఎప్పుడూ మేలు కాదు. దృశ్యం విస్తరించిన కొద్దీ అందులోని ప్రతి వస్తువూ చిన్నదవుతుంది. చాలా సంస్థలు ఈ కోణాన్ని మూల నుంచి మూలకు కొలిచి పెద్దగా చూపుతాయి కూడా. సాధారణ అవసరాలకు 130 నుంచి 140 డిగ్రీలు చాలు. రెండవది, పెట్టె మీద 4కె అని ఉన్నంత మాత్రాన లోపలి సెన్సర్ అంతటిది కాకపోవచ్చు. 4కె చిత్రానికి దాదాపు 80 లక్షల పిక్సెళ్ల సెన్సర్ కావాలి. అంతకన్నా చిన్న సెన్సర్ తీసిన చిత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 4కె అని అమ్మే పరికరాలు కూడా ఉన్నాయి. సెన్సర్ పేరు, దాని అసలు సామర్థ్యం వెల్లడించని కెమెరాను పక్కన పెట్టడం మంచిది.

చీకటిలో అసలు పరీక్ష

పగటి వెలుగులో దాదాపు ప్రతి కెమెరా బాగానే పనిచేస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకు సాగుతుంది. సెకనుకు 30 చిత్రాలు తీసే కెమెరాలో ఒక చిత్రానికీ మరో చిత్రానికీ మధ్య అది 90 సెంటీమీటర్లకు పైగా కదిలిపోతుంది. చీకటిలో వెలుగు చాలక కెమెరా ఒక్కో చిత్రానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది కనుక అక్షరాలు చెరిగిన గీతలవుతాయి. దీనికి తోడు, ఇప్పటి హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు హెడ్‌లైటు కాంతిని తిరిగి విరజిమ్ముతాయి. చుట్టూ చీకటి, మధ్యలో తెల్లగా వెలిగిపోయే ప్లేటు. అందులో అంకెలు కరిగిపోతాయి.

కాబట్టి తక్కువ వెలుగులో పనిచేసే సెన్సర్, వెలుగునీడల తేడాను సర్దే హెచ్‌డీఆర్ లేదా డబ్ల్యూడీఆర్ సదుపాయం ఉన్న కెమెరానే ఎంచుకోవాలి. కొనేముందు అదే మోడల్ తీసిన రాత్రి వీడియోలను పెద్ద తెరపై చూసి, దృశ్యాన్ని ఆపి నంబరు చదవగలరేమో పరీక్షించండి. మరో తేలికైన ఉపాయం కూడా ఉంది. కెమెరాలో మైకు ఆన్ చేసి ఉంటే, పారిపోతున్న వాహనం నంబరును మీ కంటికి కనిపించిన వెంటనే బిగ్గరగా చదవండి. కెమెరా చూడలేకపోయినా మీ మాట రికార్డవుతుంది.

ఎండకు తట్టుకుంటుందా?

రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఎండలో నిలిపిన కారు లోపల వేడి అంతకన్నా చాలా ఎక్కువ. అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో వెల్లడించిన అధ్యయనంలో, వేసవి ఎండలో గంటసేపు ఉంచిన కార్ల డ్యాష్‌బోర్డు వేడి సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. డ్యాష్‌క్యామ్ ఉండేది అద్దానికి ఆనుకుని, ఆ వేడి మధ్యలోనే.

అనేక చౌక కెమెరాలలో లిథియం బ్యాటరీ ఉంటుంది. 45 డిగ్రీలు దాటిన వేడిలో ఈ రకం బ్యాటరీని ఛార్జ్ చేయడం సాధారణంగా మంచిది కాదు. పదే పదే వేడెక్కితే అది ఉబ్బుతుంది, సామర్థ్యం కోల్పోతుంది. దానికి బదులుగా సూపర్ కెపాసిటర్ ఉన్న కెమెరాలు వేడిని మెరుగ్గా తట్టుకుంటాయి. సూపర్ కెపాసిటర్ కెమెరాను ఎక్కువసేపు నడపలేదు. ప్రమాదంలో విద్యుత్తు తెగిపోతే, చివరి దృశ్యాన్ని కార్డులో భద్రపరచడానికి సరిపడే కొన్ని క్షణాల శక్తిని మాత్రం ఇస్తుంది. మనకు కావలసింది సరిగ్గా ఆ క్షణాలే.

సూచనల పుస్తకంలో ‘పనిచేసే ఉష్ణోగ్రత’, ‘నిల్వ ఉష్ణోగ్రత’ అని రెండు అంకెలుంటాయి. రెండవది ఎక్కువగా ఉంటుంది కనుక ప్రకటనలలో దానినే చూపవచ్చు. మీరు మొదటిదానినే చూడండి.

కార్డు పాడైతే కెమెరా ఉన్నా లేనట్లే

డ్యాష్‌క్యామ్ కార్డుపై నిరంతరం రాస్తూ, నిండగానే పాతదానిని చెరిపి మళ్లీ రాస్తుంది. ఫోన్‌లో వాడే మామూలు కార్డు ఈ శ్రమకు త్వరగా అరిగిపోతుంది. పాడైన సంగతి చాలామందికి ప్రమాదం తరువాతే తెలుస్తుంది. అందుకే ‘హై ఎండ్యూరెన్స్’ అని రాసి ఉన్న కార్డునే, నమ్మకమైన దుకాణంలో బిల్లుతో కొనాలి. పేరున్న సంస్థల కార్డులకు నకిలీలు ఎక్కువ.

ఎంత సామర్థ్యం కావాలో లెక్క వేసుకోవచ్చు. ముందు 4కె కెమెరా సెకనుకు 30 మెగాబిట్లు, వెనుక 1080పి కెమెరా 15 మెగాబిట్లు రాస్తే గంటకు దాదాపు 20 జీబీ అవుతుంది. 64 జీబీ కార్డు మూడు గంటలకే నిండుతుంది. హైదరాబాద్‌లో బయలుదేరిన కారు విజయవాడ చేరేలోగా, ప్రయాణం మొదట్లోని దృశ్యాలు చెరిగిపోతాయన్నమాట. రెండు కెమెరాలు ఉన్నవారికి 128 జీబీ కనీసం, 256 జీబీ మేలు. అయితే ఎంత కార్డు వరకు పనిచేస్తుందో కెమెరా సూచనలలో చూసుకోవాలి.

గట్టి కుదుపు తగిలినప్పుడు ఆ దృశ్యం చెరిగిపోకుండా తాళం వేసే సదుపాయాన్ని జి-సెన్సర్ అంటారు. మన రోడ్లపై స్పీడ్ బ్రేకర్లు, గుంతలు ఎక్కువ. దీని సున్నితత్వాన్ని ఎక్కువగా ఉంచితే ప్రతి గుంతనూ ప్రమాదమనుకుని దృశ్యాలను దాచేస్తుంది. అలా దాచినవాటితో కార్డు నిండిపోతే అసలు ప్రమాదానికి చోటు మిగలకపోవచ్చు. సున్నితత్వాన్ని తక్కువ స్థాయిలో ఉంచి, అవసరమైన దృశ్యాలను కంప్యూటర్‌లోకి మార్చుకున్నాక నెలకు ఒకసారి కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయడం మంచి అలవాటు.

బిగించేటప్పుడు జాగ్రత్తలు

వెనుక చూపే అద్దం చాటున, వైపర్ తుడిచే భాగంలో కెమెరా ఉండాలి. డ్రైవరు చూపుకు అడ్డు రాకూడదు. కారులో ముందే భద్రతా కెమెరా ఉంటే దానిని కప్పకూడదు. అద్దం పక్కనున్న స్తంభం లోపల ఎయిర్‌బ్యాగ్ ఉండే కార్లలో, వైరు దానికి అడ్డంగా పోకుండా వెనుకగా తీసుకెళ్లాలి. తెలియనివారి చేత ఈ పని చేయించడం ప్రమాదకరం.

కారు నిలిపి ఉన్నప్పుడు కూడా రికార్డు చేసే పార్కింగ్ సదుపాయం కావాలంటే ఫ్యూజ్ బాక్స్ నుంచి నేరుగా విద్యుత్తు తీసుకోవాలి. కెమెరా పావు ఆంపియర్ వాడినా రోజుకు ఆరు ఆంపియర్ అవర్లు ఖర్చవుతుంది. చిన్న కారు బ్యాటరీ సామర్థ్యం సుమారు 35 ఆంపియర్ అవర్లే కనుక మూడు నాలుగు రోజులలో బండి స్టార్ట్ కాకపోవచ్చు. వోల్టేజి తగ్గగానే దానంతట అదే ఆగిపోయే కిట్‌నే వాడాలి. ఉన్న వైర్లను కోసి అతికించడానికి ఒప్పుకోవద్దు. కారు వారంటీపై వివాదం రావచ్చు.

కోర్టు ఏం అడుగుతుంది?

2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సాక్ష్యాల గురించి చెబుతుంది. వీడియో నకలును కోర్టుకు సమర్పించేటప్పుడు నిర్ణీత నమూనాలో ధ్రువీకరణ పత్రం జతచేయాలి. అందులో ఫైలుకు వేలిముద్ర వంటి ‘హ్యాష్ విలువ’ను పేర్కొనాలి. ఫైలులో ఒక్క బిందువు మారినా ఆ విలువ మారిపోతుంది.

అందువల్ల ప్రమాదం జరిగిన వెంటనే కెమెరాను ఆపి, కార్డును తీసి భద్రపరచండి. ఫైలును యథాతథంగా కంప్యూటర్‌లోకి నకలు చేసుకుని, అసలు కార్డును దాచండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది కుదించుకుపోతుంది, నంబరు మరింత మసకబారుతుంది. కార్డును పోలీసులకు ఇస్తే రసీదు తీసుకోండి. తేదీ, సమయం తప్పుగా ఉంటే ఎదుటి పక్షం న్యాయవాది ముందుగా పట్టుకునేది దానినే. జీపీఎస్ ఉన్న కెమెరా సమయాన్ని తనంతట తానే సరిచేసుకుంటుంది, స్థలాన్ని కూడా నమోదు చేస్తుంది.

ఈ సాక్షి పక్షపాతం చూపదు. మీ వేగాన్ని, మీ తప్పును కూడా చెబుతుంది. కేసులో చూపకుండా ఉండేందుకు రికార్డును చెరిపివేయడం నేరమవుతుందన్నది మరవరాదు.

గోప్యత విషయంలో కూడా బాధ్యత ఉంది. కారు లోపలి మాటలు, ప్రయాణికుల ముఖాలు రికార్డవుతున్నట్లయితే వారికి ముందే చెప్పాలి. అపరిచితుల ముఖాలు, నంబర్లు కనిపించే వీడియోలను వినోదం కోసం సామాజిక మాధ్యమాలలో పెట్టడం సరికాదు. అవి చేరవలసిన చోటు పోలీసు స్టేషన్, బీమా సంస్థ, న్యాయస్థానం.

నెలకు పది నిమిషాలు

కెమెరా బిగించాక దానిని మరచిపోవడమే చాలామంది చేసే పొరపాటు. నెలకు ఒకసారి కార్డు తీసి, నిన్నటి ప్రయాణం నమోదైందో లేదో, గడియారం సరిగా ఉందో లేదో, ముందున్న వాహనం నంబరు చదవగలుగుతున్నారో లేదో చూడండి. అద్దాన్నీ, లెన్సునూ శుభ్రంగా తుడవండి. మీ కారుకు ఏ ప్రమాదమూ జరగకపోవచ్చు. కానీ మీ కళ్ల ముందే ఎవరో పడిపోయిన రోజున, ఆ కుటుంబానికి మిగిలే ఏకైక సాక్ష్యం మీ కారు అద్దానికి వేలాడుతున్న ఆ చిన్న కెమెరాయే కావచ్చు.