కొలపాత్ర గోడను విడువని నూనె

మహబూబునగరు, నల్లగొండ మెట్టపొలములలో చిరకాలముగా ఆముదము పండుచున్నది. ఆ నూనెను కొలిచి యిచ్చుచోటు చిక్కడపల్లి అంగడియైనను, మన గ్రామసంఘపు గిడ్డంగియైనను, సభ్యులు గమనింపదగిన విషయ మొకటి కలదు. లీటరు పాత్రను వంచినపుడు ధార సన్నగిలి బొట్లుగా మారును. వెంటనే పాత్రను మరల నింపుదురు. గోడల నంటియున్న నూనె ఎవరిది?

ఆ నూనె తన బరువుచేత క్రిందికి జారుచునే యుండును. గోడను తాకియున్న భాగము కదలదు. వెలుపలి భాగము మాత్రము కొంత వేగముగా జారును. పొర పలుచనైనకొలది జారుడు మందగించును. ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జెఫ్రీస్ 1930లో దీని లెక్క తేల్చెను: పొర మందము సగమగుటకు నాలుగింతల కాలము కావలెను. ఒక నిమిషమునకు మిగిలిన పొర నాలుగు నిమిషములకు సగమగును. అందులో సగమగుటకు పదునారు నిమిషములు పట్టును.

చలికాలపు ఉదయమున, 20 డిగ్రీల వేడిమియొద్ద, ఆముదపు జిగట నీటికంటె సుమారు వేయి రెట్లు. 10 సెంటీమీటర్ల వ్యాసము, 13 సెంటీమీటర్ల ఎత్తు గల పాత్రను ఒక నిమిషము బోర్లించి యుంచినను, ఈ లెక్కచొప్పున ప్రక్కగోడలకు సుమారు 13 మిల్లీలీటర్లు మిగులును. నీరైనచో అర మిల్లీలీటరైనను మిగులదు. ఆముదము 40 డిగ్రీలకు వెచ్చనైనచో జిగట నాలుగవవంతునకు తగ్గి, మిగులు 6 మిల్లీలీటర్లకు దిగును.

“పాత్ర ఒకసారి తడిసిన పిమ్మట నష్టమేమి?” అని కొంద రందురు. అది అమ్మువానిపట్ల నిజము, కొనువానిపట్ల కాదు. తడిసిన పాత్రలో క్రొత్తగా 987 మిల్లీలీటర్లే పట్టును. కొనువాని సీసాలో పడునదియు నంతియే. నూరు కొలతలకు తరుగు 1.3 లీటర్లు. రైతు తన నూనెను సంఘమునకు అట్లే కొలిచి పోసినచో ఆ తరుగు సంఘముమీద పడును. ఎవరి మోసమును లేకయే ఇరువురిలో నొకరు నష్టపడుదురు; అనుమానములు మాత్రము పెరుగును.

కావున తూనికయే మేలు. ఖాళీ సీసాను తూచి, నూనె పోసి మరల తూచి, తేడాకు వెల కట్టవలెను. 20 డిగ్రీలయొద్ద లీటరు ఆముదము సుమారు 960 గ్రాములు తూగును. తక్కెడ లేనిచోట గడియారము చూచి, అందరికిని ఒకే కాలము పాత్రను వంచియుంచుట కనీస ధర్మము. ఈ నియమమును గిడ్డంగి గోడపై వ్రాయించినచో, నూనెతోపాటు నమ్మకమును నిలుచును.