నీరున్నా తీరని దప్పిక: కృత్తివెన్ను తీరపు చేలలో బెట్ట

బెట్ట అనగానే నెర్రెలు విచ్చిన మెట్ట నేలలే స్ఫురిస్తాయి. అయితే కృష్ణా డెల్టా శివారున, సముద్రానికి చేరువగా ఉన్న కృత్తివెన్ను మండలంలో వరి తడి నేలలోనే బెట్టకు గురికావచ్చు. కాలువ నీరు శివారుకు ఆలస్యంగా చేరినపుడు, తక్కువ లోతులో ఉన్న ఉప్పు నీరు మట్టి రేణువుల సందులగుండా పైకెక్కుతుంది. నీరు ఆవిరికాగా, లవణం వేర్ల చుట్టూ మిగులుతుంది. దీనినే శరీరధర్మ బెట్ట అంటారు.

వేరు నీటిని పీల్చుకోవాలంటే కణరసం మట్టిలోని ద్రావణం కంటె గాఢంగా ఉండాలి. మట్టిలో లవణం పెరిగితే ఈ వ్యత్యాసం తగ్గి, ఉన్న నీరు కూడా వేరుకు అందదు. అపుడు అబ్సిసిక్ ఆమ్లం పత్రరంధ్రాలను మూయిస్తుంది. ఆవిరి నష్టం తగ్గుతుంది గాని, బొగ్గుపులుసు వాయువు రాక కూడా తగ్గి కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. మొక్క ప్రాణం నిలుపుకొనడానికి దిగుబడిని మూల్యంగా చెల్లిస్తుంది.

ఈ తీరంలో పెరిగే ఇతర వృక్షజాతులు వేరు మార్గాలు అనుసరిస్తాయి. అవిసీనియా జాతి మడ చెట్లు లవణంలో అధిక భాగాన్ని వేరు వద్దనే అడ్డుకొని, లోనికి చేరినదానిని ఆకులపై గల గ్రంథుల ద్వారా విసర్జిస్తాయి. ఇలకూర దానిని కండగల ఆకులలో దాచుకొంటుంది. సరుగుడులో ఆకులు పొలుసులుగా కుదించుకుపోయి, పత్రరంధ్రాలు పచ్చని రెమ్మల గాడులలో ఒదిగి ఉంటాయి.

వరికి ఇంతటి రక్షణ లేదు. ప్రామాణిక అంచనా ప్రకారం సంతృప్త మట్టి సారపు విద్యుత్ వాహకత మీటరుకు 3 డెసిసైమన్లు దాటిన పిదప, పెరిగే ప్రతి ఒక్క డెసిసైమన్‌కు దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుంది. లేత నారు, పూత దశలు మిక్కిలి సున్నితమైనవి.

ఆకు చుట్టుకొని కొనలు ఎండితే రైతు నీటి ఎద్దడి అని భావించి మురుగు కాలువ నుండి తోడిపెట్టడం సహజం. ఆ నీరు ఉప్పనైతే నష్టం ఇనుమడిస్తుంది. కనుక తడి సిఫారసు చేయుటకు ముందు మట్టి, నీరు రెండింటి విద్యుత్ వాహకతను కొలవాలి. మంచి నీరు అందగానే చేలో నిలగట్టి, కరిగిన లవణాన్ని మురుగు కాలువలోకి తీసివేయాలి. ముదురు నారును కుదురుకు ఎక్కువ మొక్కలుగా నాటాలి. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన ఎం.సి.ఎం. 100 వంటి చౌడును తట్టుకొనే రకాలను ఎంచుకోవాలి. జిప్సం క్షార నేలలకే గాని కేవలం ఉప్పు నేలలకు చికిత్స కాదు.

శివారు పొలంలో బెట్టను గుర్తించుటకు తేమ ఒక్కటే కొలత కాదు. ఆ తేమలోని ఉప్పును కూడా చూడాలి.