ఆత్మనివేదన కవిత్వమున నిర్బంధ ప్రతీకలు

సంగారెడ్డి పాత చెఱసాల 1796లో నిర్మింపబడినదని ప్రసిద్ధి. ఖైదీలను కంది గ్రామమునందలి క్రొత్త కారాగారమునకు తరలించిన పిదప, 2016లో ఆ పాత కట్టడము ప్రదర్శనశాల యయ్యెను. 500 రూపాయలు చెల్లించినవారు ఖైదీ దుస్తులు ధరించి యందొక దినము గడుపు సదుపాయమును నాడు కల్పింపబడెను. ఈ రెండు చెఱసాలలను తలచినపుడు సాహిత్య విద్యార్థి కొక ప్రశ్న తోపక మానదు. చెఱ ననుభవింపని కవి చెఱను తన బాధకు ప్రతీకగా గ్రహింపవచ్చునా? గ్రహించినచో దాని యోగ్యతకు ప్రమాణమేది?

ఆంగ్ల సాహిత్యమున ఈ చర్చ 'కన్ఫెషనల్' కవిత్వమును గూర్చి బయలుదేరినది. రాబర్ట్ లోవెల్ కృతియగు 'లైఫ్ స్టడీస్'ను సమీక్షించుచు 1959లో ఎం. ఎల్. రోజెంతాల్ ఈ వ్యవహారమును ప్రచారమునకు తెచ్చెను. 1962లో సిల్వియా ప్లాత్ రచించిన 'డాడీ'లో మృతుడైన తండ్రి నాజీతోను, కుమార్తె యూదు బందీతోను పోల్పబడిరి. ప్లాత్ ఏ నిర్బంధ శిబిరమునను ఉన్నది కాదు. పరుల మహావిపత్తును స్వీయదుఃఖమునకు వాడుకొనుట న్యాయమా యని విమర్శకులు వాదించిరి. ఐనను, ఆ కవితలోని స్త్రీ తండ్రిని దూషించుటతో నిలువలేదు. తండ్రిని పోలిన వానినే కోరి వరించితినని యొప్పుకొన్నది. కవిత బలమంతయు ఆ యొప్పుకోలునందే కలదని మా యభిప్రాయము.

మనకు ఆత్మనివేదనము నవవిధ భక్తులలో కడపటిది. కావున మన ప్రాచీనులలో ఈ మార్గమును వెదకదగినచోటు భక్తి వాఙ్మయమే. ధూర్జటి శ్రీకృష్ణదేవరాయల (1509–1529) ఆస్థానకవిగా ప్రసిద్ధుడు. అట్టివాడు 'శ్రీకాళహస్తీశ్వర శతకము'న రాజసేవను నరకతుల్యముగా నిందించెను. కాని దోషమును రాజులయందే నిలుపక, తన్ను వారి వాకిళ్లకు ఈడ్చిన ఆశను, విడువని మోహమును తానే బయటపెట్టెను. ఆయన సంకెల లోపలిది.

కంచెర్ల గోపన్న నిజముగా గోలకొండలో బందీ. అబుల్ హసన్ కుతుబ్ షా (1672–1687) కాలమున భద్రాచలాలయమునకు సర్కారు పైకము వినియోగించెనన్నది ఆయనపై మోపిన నేరము. ఆయన ప్రసిద్ధ కీర్తన యొకటి సీతాలక్ష్మణ భరతాదులకు చేయించిన నగలను వెలలతో ఏకరువు పెట్టును. ఏ లెక్క తన్ను చెఱకు పంపెనో, ఆ లెక్కనే రాముని ముందు పెట్టి నిలదీయుట యిది. తహసీలుదారు భాషయే ఇచట ఆర్తి భాష యైనది. పరుషవాక్కులకు దేహబాధయే కారణమని పిదప మన్నింపు వేడును.

సావిత్రి 1984 నాటి 'బందిపోట్లు' కవితలో ఒప్పుకొనదగిన దోషమేదియు లేదు. పాఠము రానిచో పెండ్లి చేసెదనను పంతులు బెదిరింపు, తన పై యధికారిని మొగుడని పిలుచు అన్న మాట, వీనివలననే వివాహము శిక్షయని బాలిక గ్రహించినది. ఇచట నివేదితమైనది భయము, అపరాధము కాదు.

కావున చెఱవాసము ప్రమాణము కాదు, అపరాధభావమును కాదు. నిర్బంధము కవి బ్రదుకున ఏ ద్వారమున ప్రవేశించెనో చూపుటయే ప్రమాణము. ప్లాత్‌కు వరణము, ధూర్జటికి ఆశ, గోపన్నకు లెక్క, సావిత్రికి ఇంటి మాట ఆ ద్వారములు. పరిశోధక విద్యార్థులు సంకెల, చెఱ మున్నగు పదములను లెక్కించి తృప్తి చెందరాదు. ద్వారము కానరాని చెఱ, రుసుము చెల్లించి ఒక దినము గడపిన చెఱవంటిదే.